వెబ్‌సైట్ల కంటే ముందే: స్వచ్ఛంద సంస్థలు ఇంటర్నెట్‌ను ఎలా అందుకున్నాయి

స్వచ్ఛంద సంస్థలు ఇంటర్నెట్‌లోకి ఎప్పుడొచ్చాయంటే సాధారణంగా వినిపించే జవాబు 1995 ప్రాంతం. సంస్థలు ఒక్కొక్కటిగా వెబ్‌సైట్లు పెట్టుకోవడం అప్పుడే ఊపందుకుంది కాబట్టి చరిత్రను కూడా అక్కడి నుంచే రాస్తుంటారు. కానీ అప్పటికి దాదాపు పదేళ్లుగా శాంతి ఉద్యమాలు, పర్యావరణ సంఘాలు, మానవ హక్కుల సంస్థలు, వైద్యుల బృందాలు మోడెమ్‌ల మీద, అంటే కంప్యూటర్‌ను టెలిఫోన్ లైన్‌కు కలిపే పరికరాల మీద, ఉత్తరాలు నడుపుతూనే ఉన్నాయి. ఆ పదేళ్లను వదిలేస్తే అసలు విషయమే జారిపోతుంది. ఆ తొలి నెట్‌వర్క్‌లు, అందరిలోకీ నాసిరకం టెలిఫోన్ లైన్ ఎవరిదో వాళ్లకు కూడా పనికొచ్చేలా తయారయ్యాయి. వెబ్ వచ్చాక ఈ క్రమం తలకిందులైంది.

1980లలో ఇంటర్నెట్ అంటే ప్రధానంగా అమెరికా విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు, రక్షణ శాఖకు పనిచేసే సంస్థలు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1986లో మొదలుపెట్టిన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ ప్రధాన లైన్లను పరిశోధనకూ విద్యకూ మాత్రమే వాడాలన్న నిబంధన ఉండేది. ఇంటర్నెట్ చిరునామాల చివర కనిపించే డాట్ ఆర్గ్ (.org) 1985 నాటి తొలి డొమైన్ల జాబితాలోనే ఉంది. అయితే అది సేవా సంస్థల కోసమని పుట్టింది కాదు. వ్యాపారం, విద్య, ప్రభుత్వం వంటి ఏ కోవలోనూ ఇమడని సంస్థలకు ఉద్దేశించినది. 1985 జులైలో ఆ చిరునామా తీసుకున్న మొదటి సంస్థ మైటర్, అమెరికా ప్రభుత్వానికి పరిశోధన చేసిపెట్టే సంస్థ. ఒక శరణార్థుల సహాయ సంఘమో, అడవుల పరిరక్షణ సమితో ఇంటర్నెట్‌కు నేరుగా కలవాలంటే అప్పట్లో దారి లేదు. విశ్వవిద్యాలయంలో ఖాతా ఉన్న మిత్రుడెవరైనా ఉంటే తప్ప.

అలా విశ్వవిద్యాలయం నీడలో మొదలైన పనుల్లో ముందుగా చెప్పాల్సింది పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉచితంగా పంచే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. 1971 జులై 4న ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని జెరాక్స్ సిగ్మా 5 యంత్రంలోకి మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేసి ఎక్కించారు. తర్వాత దశాబ్దాల్లో ఎందరో స్వచ్ఛందంగా పుస్తకాలు టైపు చేసి పంపారు. ఒకరినొకరు ఎన్నడూ చూడకుండా దూరం నుంచి సేవ చేసే పద్ధతికి తొలి ఉదాహరణ ఇదేననడం న్యాయం.

మిగతా సంస్థలు సొంత దారి వేసుకోవాల్సి వచ్చింది. 1984లో ఇటలీలోని వెల్లెట్రి పట్టణంలో వివిధ దేశాల స్వచ్ఛంద సంస్థల సమాచార కేంద్రాలు సమావేశమై, కంప్యూటర్ల ద్వారా పరస్పరం సమాచారం ఎలా పంచుకోవాలో ఒక అంగీకారానికి వచ్చాయి. ఇంటర్‌డాక్ అనే బృందం అక్కడ పుట్టింది. అమెరికాలో పర్యావరణ సంఘాల కోసం ఎకోనెట్, శాంతి ఉద్యమాల కోసం పీస్‌నెట్ వచ్చాయి. 1987లో ఈ రెండింటినీ నడపడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ కమ్యూనికేషన్స్ ఏర్పడింది. దీన్నే ఐజీసీ అనేవారు. లండన్‌లో గ్రీన్‌నెట్ అదే పని మొదలుపెట్టింది. అట్లాంటిక్‌కు రెండువైపులా ఉన్న ఈ రెండు నెట్‌వర్క్‌లు 1987 నుంచి తమ చర్చలను ఇచ్చిపుచ్చుకోసాగాయి. బ్రెజిల్‌లో హెర్బర్ట్ డిసౌజా, కార్లోస్ అఫోన్సో తదితరులు స్థాపించిన ఇబాసే సంస్థ ఆల్టర్‌నెక్స్ అనే నెట్‌వర్క్‌ను నడిపింది. స్వీడన్, కెనడా, నికరాగ్వా, ఆస్ట్రేలియాల్లోనూ ఇలాంటివి లేచాయి. 1990లో ఈ ఏడు దేశాల నెట్‌వర్క్‌లు కలిసి అసోసియేషన్ ఫర్ ప్రోగ్రెసివ్ కమ్యూనికేషన్స్, అంటే ఏపీసీని స్థాపించాయి.

ఇవి పనిచేసిన తీరు తెలిస్తేనే వాటి విలువ అర్థమవుతుంది. చందాదారుడి దగ్గర ఒక పర్సనల్ కంప్యూటర్, ఒక మోడెమ్, ఒక టెలిఫోన్ లైన్ ఉంటే చాలు. పెద్ద ఊళ్లలో డేటా కంపెనీల స్థానిక నంబర్‌కు ఫోన్ చేస్తే, ఆ కంపెనీ లైన్ల మీదుగా గ్రీన్‌నెట్, ఐజీసీ లాంటి వాళ్ల యునిక్స్ కంప్యూటర్, అంటే అనేకమంది ఒకేసారి వాడుకోగల పెద్ద యంత్రం, దొరికేది. తెరమీద బొమ్మలుండవు, అక్షరాల మెనూ మాత్రమే. అందులో పనులు రెండు: వ్యక్తిగత ఉత్తరాలు, కాన్ఫరెన్స్‌లు. కాన్ఫరెన్స్ అంటే ఒక అంశం మీద తెరిచిపెట్టిన చర్చ. ఒకరు విషయం పెడతారు, దాని కిందే మిగతావాళ్లు జవాబులు చేరుస్తారు. కొన్ని అందరికీ తెరిచి ఉండేవి. కొన్ని ఒక కూటమి సభ్యులకే పరిమితం. రాత్రివేళ ఒక దేశపు కంప్యూటర్ ఇంకో దేశపు కంప్యూటర్‌కు ఫోన్ చేసి, ఆ రోజు చేరిన కొత్త రాతలను అటూ ఇటూ నకలు చేసుకునేది. దాంతో లండన్‌లో రాసినది శాన్‌ఫ్రాన్సిస్కో చందాదారుడికి మర్నాడు స్థానిక కాల్ ఖర్చుతోనే చదవడానికి దొరికేది.

లెక్క వేస్తే ఈ ఏర్పాటు ఎందుకు నిలబడిందో తెలుస్తుంది. సెకనుకు 2400 బిట్ల వేగం గల మోడెమ్ ఆ సెకనులో సుమారు 240 అక్షరాలు పంపుతుంది. రెండు వేల అక్షరాల పేజీకి పట్టేది తొమ్మిది సెకన్లలోపే. ఫ్యాక్స్‌లో అదే పేజీకి అర నిమిషం నుంచి నిమిషం దాకా పడుతుంది. ఇరవైమందికి పంపాలంటే ఇరవై అంతర్జాతీయ కాల్స్ చేయాలి. నెట్‌వర్క్‌లో అయితే సముద్రం దాటేది ఒక్క నకలే. వేగం కంటే పెద్ద లాభం ఇంకొకటుంది. ఫ్యాక్స్‌లో వచ్చేది కాగితం, దాన్ని వాడుకోవాలంటే మళ్లీ టైపు చేయాలి. మోడెమ్‌లో వచ్చేది అక్షరాలు. ఒక దేశంలో తయారైన ముసాయిదాను ఇంకో దేశంలో దిద్ది, అనువదించి, కరపత్రంగా అదే రోజు అచ్చు వేసుకోవచ్చు. చిన్న సంస్థలకు టైపిస్టు సమయమే అసలు ఖర్చు.

చిక్కులు మాత్రం చాలానే ఉండేవి. లైనులో గరగర వస్తే తెరమీద అర్థంలేని గుర్తులు పడేవి. పాత మోడెమ్‌లకు తప్పులను దిద్దుకునే శక్తి లేదు. కంప్యూటర్ల మధ్య నకళ్లకు వాడిన యూయూసీపీ పద్ధతి 64 బైట్ల చిన్న పొట్లాలు పంపి, అవతలి నుంచి అందినట్టు జవాబు కోసం ఎదురుచూసేది. ఉపగ్రహం మీదుగా వెళ్లే కాల్‌లో ఆ జవాబు రావడానికి అర సెకను పైగా పడుతుంది కాబట్టి లైను ఎక్కువసేపు ఖాళీగా పడి ఉండేది, మీటర్ మాత్రం తిరుగుతూనే ఉండేది. టెలిబిట్ కంపెనీ ట్రెయిల్‌బ్లేజర్ మోడెమ్‌కు అంత పేరు రావడానికి కారణం ఇదే. అది లైనును వందలాది సన్నని పాయలుగా విడగొట్టి, గరగర ఉన్న పాయలను వదిలేసి మిగతా వాటిమీద పంపేది. పైగా యూయూసీపీకి కావలసిన జవాబును అవతలి కంప్యూటర్ దాకా పోనివ్వకుండా ఇవతలి మోడెమ్ తానే ఇచ్చేసేది. కాల్ మధ్యలో తెగితే వచ్చే నష్టం వేరు. తొంభై శాతం వెళ్లిన ఫైలు కూడా మళ్లీ మొదటి నుంచి పంపాల్సిందే. అందుకే అనుభవమున్నవాళ్లు పెద్ద నివేదికను ముక్కలు చేసి, ప్రతి ముక్క పైనా వరుస సంఖ్య వేసి పంపేవారు.

భాష ఇంకో అడ్డంకి. ఆనాటి ఈమెయిల్ ఏడు బిట్ల అక్షరాలనే, అంటే మామూలు ఇంగ్లిషు అక్షరాలనే, మోసేది. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో é, ã లాంటి గుర్తులున్న అక్షరాలు దారిలో ఎగిరిపోయేవి లేదా వేరేవిగా మారేవి. బ్రెజిల్, నికరాగ్వా వాసులు ఆ గుర్తులు వదిలేసి రాయడం అలవాటు చేసుకున్నారు. వర్డ్ ప్రాసెసర్ ఫైలు పంపాలంటే ముందు దాన్ని మామూలు అక్షరాలుగా మార్చే యూయూఎన్‌కోడ్ వాడాలి. ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి కాబట్టి ఫైలు మూడో వంతు పైగా ఉబ్బేది, కాల్ ఖర్చూ అంతే పెరిగేది. 1992లో ఈమెయిల్‌లో ఇతర భాషల అక్షరాలనూ ఫైళ్లనూ పంపే మైమ్ ప్రమాణం వచ్చాక గానీ ఈ బాధ తగ్గడం మొదలుకాలేదు.

యునిక్స్ యంత్రం కొనే స్థోమత లేని చోట ఫిడోనెట్ ఆదుకుంది. 1984లో టామ్ జెన్నింగ్స్ తయారుచేసిన ఈ వ్యవస్థకు మామూలు డాస్ కంప్యూటర్ సరిపోతుంది. ఉత్తరాలన్నీ పగలు పోగుచేసి, కాల్ రేట్లు తగ్గే రాత్రివేళ తనంతట తాను ఫోన్ చేసి ఒక్క మూటగా పంపేస్తుంది. ఫైళ్లను మోసే జడ్‌మోడెమ్ పద్ధతికి తెగిన చోటి నుంచే మళ్లీ అందుకునే గుణం ఉంది. నాసి లైన్లకు ఇంతకంటే తగినది అప్పట్లో లేదు. ఆఫ్రికాలోని అనేక నగరాల్లో స్వచ్ఛంద సంస్థల కంప్యూటర్లు ఫిడోనెట్ ద్వారా గ్రీన్‌నెట్ గేట్‌వేకు కలిసేవి, అక్కడి నుంచి ఉత్తరాలు ఇంటర్నెట్‌కు వెళ్లేవి. ఇలాంటి చోట్ల లోపలికి వచ్చే ఉత్తరానికి కూడా కిలోబైట్ల లెక్కన డబ్బు కట్టాల్సి వచ్చేది, అంతర్జాతీయ కాల్ ఖర్చు అక్కడి వాళ్లదే కాబట్టి. ధనిక దేశాల కార్యకర్తలకు ఇది తట్టేది కాదు. పాత ఉత్తరమంతా అతికించి కింద ‘అవును’ అని ఒక్క మాట రాసి జవాబిస్తే, ఆ బరువంతా అవతలివాళ్ల బిల్లులో పడేది. జవాబులో పాత పాఠం తీసేయాలి, సంతకం నాలుగు వరుసలు దాటకూడదు వంటి నియమాలు మర్యాద కోసం పుట్టినట్టు కనిపిస్తాయి గానీ వాటి వెనకున్నది డబ్బే.

టెలిఫోన్ అసలే లేనిచోటికి ఉపగ్రహాలు వెళ్లాయి. 1959లో ఏర్పడిన వీటా అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయంతో కలిసి చిన్న ఉపగ్రహాల ద్వారా ఉత్తరాలు పంపే ప్రయోగాలు చేసింది. 1990 జనవరిలో ఎగిరిన యూఓశాట్-3 ఆ పని చేసే పరికరంతోనే వెళ్లింది. హృద్రోగ నిపుణుడు బెర్నార్డ్ లౌన్ స్థాపించిన శాటెలైఫ్ సంస్థ హెల్త్‌నెట్ పేరిట ఇదే మార్గంలో ఆఫ్రికా వైద్యులకు వైద్య సమాచారం అందించింది. 1993లో హెల్త్‌శాట్-2ను కక్ష్యలోకి పంపింది. సుమారు 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహం భూమిని చుట్టడానికి వంద నిమిషాలు పడుతుంది, ఒక ఊరి పైనుంచి వెళ్లినప్పుడు ఎక్కువలో ఎక్కువ పావుగంట కనబడుతుంది. ఆలోగా భూమ్మీది కంప్యూటర్ తన ఉత్తరాలను రేడియో ద్వారా ఉపగ్రహం జ్ఞాపకంలోకి ఎక్కించాలి, తనకొచ్చినవి దించుకోవాల్సి ఉండేది. సెకనుకు 9600 బిట్ల వేగంతో పది నిమిషాల్లో లెక్క ప్రకారం ఏడు వందల కిలోబైట్లు వెళ్లాలి. ఇతర కేంద్రాలతో పంచుకోవడం, తప్పులు దిద్దుకోవడం పోగా చేతికొచ్చేది అందులో కొంతే. పత్రికల్లోని వ్యాసాల సారాంశాలకు, ఒక రోగి గురించి నిపుణుడిని అడిగే ప్రశ్నకు అది చాలు.

1992 జూన్‌లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష. ఆల్టర్‌నెక్స్, ఏపీసీ కలిసి అక్కడి స్వచ్ఛంద సంస్థలకు కంప్యూటర్ కేంద్రాలు నడిపాయి. అయితే ఎక్కువ ఫలితం ఇచ్చింది సదస్సు కాదు, అంతకుముందు జరిగిన సన్నాహక సమావేశాలు. అధికారిక ముసాయిదాలు కాన్ఫరెన్స్‌లలోకి ఎక్కేవి. విమాన టికెట్ కొనలేని సంఘాలు కూడా వాటిని చదివి, ఏ వాక్యం మారాలో హాజరైన మిత్రులకు రాసి పంపగలిగాయి. 1995లో బీజింగ్ మహిళా సదస్సులో ఏపీసీ పూర్తిగా మహిళలతో కూడిన సాంకేతిక బృందాన్ని దింపింది. పరికరాలు అమర్చడం, నేర్పడం, మరమ్మతు అన్నీ వాళ్లే చూసుకున్నారు. యంత్రం దగ్గర కూర్చోవడానికి జంకే కార్యకర్తలకు తమలాంటి మనిషే నేర్పడం ఎంత తేడా తెస్తుందో ఆ ఏర్పాటు చూపింది.

ఊరి స్థాయిలో ఒక ప్రయోగాన్ని చెప్పుకోకుండా ఉండలేం. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా పురపాలక సంఘం 1989లో పెన్ అనే ప్రజా నెట్‌వర్క్ తెరిచి, గ్రంథాలయాల్లో టెర్మినళ్లు పెట్టింది. ఇల్లులేని మనుషులు కూడా అక్కడ కూర్చుని చర్చల్లో రాశారు. ఉద్యోగం వెతుక్కోవడానికి ముందు తమకు కావలసినవి స్నానానికి చోటు, బట్టలుతికే సదుపాయం, సామాను దాచుకునే లాకర్ అని వాళ్లే తేల్చి చెప్పారు. ఆ చర్చలోంచి పుట్టిన బృందం ఆ మూడింటి కోసం పనిచేసి పురపాలక సంఘాన్ని కదిలించింది. సేవ పొందేవాళ్లు నిర్ణయించేవాళ్లతో ఒకే వరుసలో నిలబడి మాట్లాడిన సందర్భాలు ఆ తర్వాతి వెబ్‌సైట్ల కాలంలో అంత సులభంగా దొరకవు.

యంత్రాలున్నా వాడేవాళ్లు లేకపోవడం ఆనాటి మామూలు సమస్య. దానం వచ్చిన కంప్యూటర్ మూల పడి ఉండేది. ఈ లోటు తీర్చడానికి 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేనియల్ బెన్-హోరిన్ కంప్యుమెంటర్ ప్రారంభించారు. సాంకేతిక పరిజ్ఞానం ఉన్న స్వచ్ఛంద కార్యకర్తను ఒక సంస్థతో జత చేయడం దాని పద్ధతి. అదే తర్వాత టెక్‌సూప్‌గా మారింది. సంస్థల్లో తరచూ జరిగేది ఇది: ఆఫీసులో మోడెమ్ ఉన్న యంత్రం ఒక్కటే, దాన్ని తెరవడం తెలిసినవారూ ఒక్కరే. వారంలో ఒకసారి ఉత్తరాలు ముద్రించి అందరికీ పంచేవారు. ఖైదీ ప్రాణం కాపాడమని వచ్చిన అత్యవసర విజ్ఞప్తి కూడా ఆ వారం కట్టలోనే ఉండేది. పరిష్కారం తేలికే: కనీసం ఇద్దరికి నేర్పడం, రోజుకు రెండు నిర్ణీత వేళల్లో ఉత్తరాలు దించుకోవడం, ఏ ఉత్తరానికి ఎవరు జవాబివ్వాలో ముందే రాసి పెట్టుకోవడం. దీన్ని పాటించిన సంస్థలకే నెట్‌వర్క్ నిజంగా పనికొచ్చింది.

1993లో బొమ్మలతో సహా వెబ్ పేజీలు చూపే మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది, 1995 ఏప్రిల్ 30న ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ ప్రధాన సేవ ముగిసి ఇంటర్నెట్ వ్యాపార కంపెనీల చేతికి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి, అంతవరకూ ఉచితంగా ఇచ్చిన డొమైన్ పేరుకు రెండేళ్లకు 100 డాలర్ల రుసుము మొదలైంది. 1996 డిసెంబరులో ఇంటర్నెట్ కనెక్షన్ అమ్మే ఏఓఎల్ కంపెనీ నెలకు 19.95 డాలర్లకు ఎంతసేపైనా వాడుకోవచ్చంది. నిమిషాల లెక్కన చందా తీసుకునే ఉద్యమ నెట్‌వర్క్‌లు ఆ ధరకు తట్టుకోలేకపోయాయి. సంస్థలు చవకైన కనెక్షన్‌కు మారి, ఎవరికి వారు వెబ్‌సైట్ పెట్టుకున్నారు. ఇక్కడే నష్టం జరిగింది. కాన్ఫరెన్స్‌లో పది సంస్థలు ఒకేచోట వాదించుకునేవి. వెబ్‌సైట్‌లో ఒక్కో సంస్థ తన గురించి తాను చెప్పుకునేది. వార్షిక నివేదిక, అధ్యక్షుడి సందేశం, భారీ లోగో. సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద వంద కిలోబైట్ల బొమ్మ దిగడానికి అర నిమిషం పట్టేది, ఆఫ్రికా లైన్ల మీద నిమిషాలు పట్టేది. పాఠాన్ని మాత్రమే ఈమెయిల్‌లో పంపే వెసులుబాటు ఉంచిన సంస్థలు పాత చందాదారులను నిలుపుకోగలిగాయి.

ఆ తొలి వెబ్‌సైట్లను చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తలే తయారుచేశారు, తరచూ తమ సొంత ఖాతాలోనే. డొమైన్ నమోదులో పరిపాలన బాధ్యుడిగానూ సాంకేతిక బాధ్యుడిగానూ ఆ కార్యకర్త పేరే ఉండేది. ఆయన ఉద్యోగం మారితే ఆ ఈమెయిల్ చిరునామా చచ్చిపోయేది. మార్పు కోరుతూ రాసే ఉత్తరం నమోదైన చిరునామా నుంచే రావాల్సి ఉండేది కాబట్టి సంస్థ చేతులు కట్టుబడేవి. లెటర్‌హెడ్ మీద సంతకం చేసి ఫ్యాక్స్ పంపి వారాలపాటు వేచి ఉండటమే మిగిలేది. బాధ్యుడి చోట పదవి పేరుతో తెరిచిన సంస్థ ఈమెయిల్ పెట్టడం, పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి కార్యాలయ బీరువాలో ఉంచడం అన్నవి ఇలాంటి దెబ్బలు తిన్నాకే అలవాటయ్యాయి.

ఈమెయిల్ విజ్ఞప్తుల కథ ఇంకా బాధాకరం. 1999లో తాలిబన్ పాలనలోని అఫ్గాన్ మహిళల కోసం అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయ చిరునామాతో ఒక సంతకాల ఉత్తరం బయల్దేరింది. కింద మీ పేరు చేర్చి అందరికీ పంపండి, సంతకాల సంఖ్య నిర్ణీత అంకెకు చేరగానే ఒక నకలు మాకూ పంపండి అన్నది పద్ధతి. ప్రతి ఒక్కరూ పదిమందికి పంపితే జాబితా పది శాఖలవుతుంది. మొదటి పాతిక పేర్లు వేల నకళ్లలో మళ్లీ మళ్లీ వస్తాయి, చివర చేరినవి ఎక్కడికీ చేరకుండా రాలిపోతాయి. కాబట్టి అసలెందరు సంతకం చేశారో లెక్కించే వీలే లేదు. ఉత్తరాల వరద తట్టుకోలేక ఆ ఖాతా మూతబడింది. అయినా గడువు తేదీ లేని ఆ ఉత్తరం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. 1997లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పేరుతో, ప్రతి ఫార్వర్డ్‌కూ మూడు సెంట్లు విరాళం వస్తుందన్న అబద్ధపు ఉత్తరం వ్యాపించింది. అది తమది కాదని ఆ సంస్థ ప్రకటించాల్సి వచ్చింది. మంచి విజ్ఞప్తికి కావలసినవి అప్పటికే తెలిసినవాళ్లకు తెలుసు: పైన తేదీ, ఏ రోజుతో ముగుస్తుందో స్పష్టంగా, పంపిన సంస్థ పూర్తి చిరునామా, నిజానిజాలు చూసుకోవడానికి ఫోన్ నంబరు, ఎవరికి ఏమి రాయాలో ఒక్క పని.

మందుపాతరల నిషేధ ఉద్యమానికి 1997లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు, దాన్ని ఈమెయిల్ సాధించిన విజయంగా ప్రపంచమంతా చెప్పుకుంది. సమన్వయకర్త జోడీ విలియమ్స్ తర్వాత సరిదిద్దిన విషయం గుర్తుంచుకోదగ్గది. మొదట్లో పని నడిచింది ఫోనూ ఫ్యాక్సుల మీద, ఈమెయిల్ తర్వాత తోడైంది, ముఖాముఖి సమావేశాలు లేకుండా అది జరిగేది కాదు.

డబ్బు విషయంలో వెబ్ మెల్లగా కదిలింది. తొలి వెబ్‌సైట్లలో విరాళం పేజీ అంటే ముద్రించుకుని చెక్కుతో కలిపి పోస్టు చేయాల్సిన ఫారం. కార్డు చెల్లింపుకు బ్యాంకు ఖాతా, భద్రమైన సర్వర్ రెండూ కావాలి, చిన్న సంస్థకు ఆ రెండూ అందేవి కావు. అమెరికాలో విరాళాలు అడిగే ముందు నమోదు చేసుకోవాలని అనేక రాష్ట్రాల చట్టాలున్నాయి. వెబ్‌సైట్ అన్ని రాష్ట్రాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి అన్నిచోట్లా నమోదు కావాలా అన్న సందేహం రాగా, 2001లో వెలువడిన చార్ల్స్‌టన్ సూత్రాలు అనే మార్గదర్శకాలు కొంత స్పష్టతనిచ్చాయి. అదే ఏడాది ఏఓఎల్, సిస్కో, యాహూ కలిసి ఇతర సంస్థల తరఫున విరాళాలు తీసుకునే నెట్‌వర్క్ ఫర్ గుడ్ ప్రారంభించడంతో సొంత ఏర్పాటు లేని సంస్థలకూ ఆన్‌లైన్ విరాళం సాధ్యమైంది.

విరాళాల కంటే లోతైన మార్పు లెక్కలు బయటపడటం. అమెరికాలో పన్ను మినహాయింపు గల సంస్థలు చాలావరకు ఏటా తమ ఆదాయ వ్యయాలు చూపే ఫారం 990 సమర్పిస్తాయి. చూపమని అడిగినవారికి చూపాలన్న నియమం ఉన్నా, మొదట్లో దాన్ని చూడాలంటే ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చేది లేదా పన్నుల శాఖకు రాయాల్సి వచ్చేది. 1994లో ఏర్పడిన గైడ్‌స్టార్ సంస్థ వీటిని వెబ్‌లోకి తెచ్చింది. 1999లో అమలైన నిబంధనల ప్రకారం అడిగినవారికి నకలు ఇవ్వాలి, అయితే ఫారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టిన సంస్థకు ఆ పని తప్పుతుంది. నకళ్లు తీసే శ్రమ తగ్గుతుందంటే సంస్థలు ఫారాలను వెబ్‌లో పెట్టక ఏం చేస్తాయి?

ఈ కాలాన్ని పరిశోధించేవారికి ఒక ఆచరణాత్మక ఇబ్బంది ఎదురవుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్ పేజీలను దాచడం మొదలుపెట్టింది 1996లో. అంతకు ముందు కాన్ఫరెన్స్‌లలో రాసినవి చందాదారుల లాగిన్ వెనకే ఉండేవి, వెబ్‌ను జల్లెడ పట్టే యంత్రాలకు అవి దొరికే వీలులేదు. అందుకే ఆధారాలను సంస్థల పాత బీరువాల్లో వెతకాలి: ముద్రించి ఫైలు చేసిన ఉత్తరాలు, నెట్‌వర్క్‌లు పంచిన వాడకం పుస్తకాలు, చందాదారుల డైరెక్టరీలు, ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు, అంతర్జాతీయ కాల్స్ విడివిడిగా చూపే టెలిఫోన్ బిల్లులు. ఫ్లాపీలు దొరికితే చదివే ప్రయత్నానికి ముందే రాత నిరోధక చీటీ అతికించి, మొత్తం డిస్కు నకలు ఒక్కసారి తీసి, ఆ నకలు మీదే పనిచేయాలి. అయస్కాంత పూత ఊడే దశలో ఉన్న డిస్కును రెండోసారి తిప్పితే అది చదవడానికి రాకపోవచ్చు.